రెండెకరాల్లో మొక్కజొన్న: ఎవరికి అమ్మాలో తేలాకే విత్తనం కొనండి

చిత్తూరు జిల్లా పెద్దపంజాణి మండలం నుంచి ఒక తమ్ముడి ప్రశ్న ఇది. రెండెకరాల ఎర్రనేల, ఒకటిన్నర ఇంచు నీళ్లిచ్చే బోరు, ఇంట్లో రెండు జెర్సీ ఆవులు ఉన్నాయి. టమోటాకి పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు, చెనిక్కాయకి వాన కుదరడం లేదు. మొక్కజొన్న వేయొచ్చా? గింజకి వేయాలా, మేతకి వేయాలా? ఎక్కడ అమ్మాలి? కత్తెర పురుగు పంటంతా తినేస్తుందంటున్నారు, నిజమేనా?

వేయొచ్చు తమ్ముడూ. మీ నేలకి, మీ బోరుకి మొక్కజొన్న సరిపోయే పంటే. కాకపోతే మన పక్క చాలామంది ముందు విత్తనం ప్యాకెట్ కొనేసి, పంట కోతకొచ్చాక కొనేవాడిని వెతుక్కుంటారు. మొక్కజొన్నలో అది తిరగబడాలి. గింజకి వేసే విత్తనం వేరు, పచ్చి కంకులకి వేసేది వేరు, మేతకి వేసేది వేరు. విత్తే నెల, కోసే రోజు కూడా మారిపోతాయి. కొనేవాడెవరో తేలితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

మీ విషయంలో మొదటి కొనుగోలుదారు మీ కొట్టంలోనే ఉన్నాయి. ఆ రెండు ఆవుల సంగతి ముందు చూద్దాం.

పాల మీద బతికే జిల్లా మనది. వేసవి రాగానే పచ్చిమేత దొరక్క ఆవు పాలు తగ్గిపోతాయి. పాలు తగ్గినా దాణా ఖర్చు తగ్గదు. మొక్కజొన్నని పాతరమేతగా, అంటే సైలేజీగా వేసి పెట్టుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది. లెక్క చూడండి. ఒక ఆవుకి రోజుకి 15 కిలోల సైలేజీ అనుకుంటే రెండు ఆవులకి నెలకి 900 కిలోలు. అర ఎకరంలో నీళ్లు సరిగా అందితే ఏడెనిమిది టన్నుల పచ్చిమేత వస్తుంది. వాడి, చెడి కొంత పోయినా ఏడు నెలలకి పైగా గడుస్తుంది. దానికి 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు గుంత సరిపోతుంది. బాగా తొక్కితే ఘనపు మీటరుకి 500 నుంచి 600 కిలోలు పడుతుంది. మీ ఊళ్లో సైలేజీ బేలు కిలో ఎంతకి అమ్ముతున్నారో కనుక్కుని ఆ ఏడెనిమిది టన్నులకి లెక్క కట్టుకోండి. అదే అర ఎకరం గింజకి వేస్తే వచ్చే డబ్బు పక్కన పెట్టి చూస్తే మేతే మేలని చాలాసార్లు తేలుతుంది. దళారీ లేడు, కాటా లేదు, తరుగు లేదు.

సైలేజీకి కోసే రోజు ముఖ్యం. చాలామంది కంకి వేయకముందే, మొక్క లేతగా పచ్చగా ఉందని కోసేస్తారు. అందులో నీళ్లు ఎక్కువ, బలం తక్కువ. గుంతలో పులిసి చెడు వాసన వస్తుంది. గింజని గోటితో నొక్కితే సగం పాలు, సగం పిండిలా ఉన్నప్పుడు కోయాలి. విత్తిన 75 నుంచి 85 రోజులకి ఆ దశ వస్తుంది, చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం. కోశాక చాఫ్ కట్టర్‌లో అరంగుళం నుంచి అంగుళం ముక్కలు చేయండి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే చేయి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కారితే ఒక పూట వాడిపోనివ్వండి. గుంతని ఒకటి రెండు రోజుల్లోనే నింపెయ్యాలి. అడుగు మందం వేసిన ప్రతిసారీ తొక్కాలి, ట్రాక్టర్ దొరికితే దాంతోనే తొక్కించండి. లోపల గాలి మిగిలితే బూజు పడుతుంది. మందపాటి పాలిథిన్ పట్ట కప్పి, మట్టి, రాళ్లు బరువు పెట్టి 45 రోజులు వదిలేయండి. తెరిచాక రోజూ ఒక పక్క నుంచే తీస్తూ వెంటనే మూసెయ్యాలి. బూజు పట్టిన పెళ్ల ఎంత చిన్నదైనా ఆవుకి పెట్టొద్దు.

మేతకి ఆఫ్రికన్ టాల్ రకం బాగుంటుంది. అది హైబ్రిడ్ కాదు కాబట్టి కొన్ని మొక్కలు వదిలేసి విత్తనం మీరే కట్టుకోవచ్చు. గింజ బాగా పట్టే హైబ్రిడ్ వేసినా సైలేజీకి బలమే. జొన్న లేతగా ఉన్నప్పుడు మేస్తే నాము అనే విషం అంటుతుందన్న భయం మీకు తెలుసు. మొక్కజొన్నలో అది లేదు. అయితే యూరియా వేసిన వెంటనే ఎండకి వాడిపోయి ఎదగని మొక్కల్ని కోసి పెట్టకండి, వాటిలో నైట్రేట్ పేరుకుపోయి ఆవుకి ప్రమాదం.

ఇక గింజ. మన పక్క పెద్ద తప్పు అందరూ జూన్, జూలైలో విత్తడం. తెలంగాణలో, కర్ణాటకలో అది సరైన కాలమే. మన దగ్గర జూన్ చివర విత్తిన పంట అక్టోబరులో కోతకొస్తుంది. మనకి ఈశాన్య రుతుపవనాల వాన పడేది సరిగ్గా అప్పుడే. కంకులు చేలోనే తడుస్తాయి, కోసినా కళ్లంలో ఎండవు, పది రోజుల్లో బూజు కడుతుంది. అదే సమయంలో కర్ణాటక ఖరీఫ్ పంట దావణగెరె, హావేరి నుంచి మార్కెట్లోకి దిగుతుంది, రేటు పడుతుంది. తడి సరుకు, దిగిన రేటు రెండూ ఒకేసారి మీద పడతాయి. అందుకే నా మాట: జూన్, జూలైలో వేసేది సైలేజీకో పచ్చి కంకులకో వేయండి. గింజ కోసమైతే అక్టోబరు 15 నుంచి నవంబరు 15 లోపు బోరు కింద విత్తండి. ఈశాన్య వానలకి బోరు కోలుకుంటుంది, పంట ఫిబ్రవరి చివర నుంచి మార్చిలో ఎండల్లో కోతకొస్తుంది. కళ్లంలో నాలుగైదు రోజుల్లో ఎండుతుంది. మీది పలమనేరు మిట్ట కాబట్టి చలికి పంట పది పదిహేను రోజులు ఎక్కువ తీసుకుంటుంది, కంగారు పడొద్దు.

మీ బోరుకి గింజ పంట ఒక ఎకరం మించొద్దు. మొక్కజొన్న మొదటి నెలలో నీళ్లు నిలిస్తే చస్తుంది, పూత దశలో నీళ్లు లేకపోతే గింజ పట్టదు. జల్లు, అంటే మొక్క కొసన మగపూత, బయటికొచ్చే ముందు వారం నుంచి పీచు ఎండి గింజ పాలు పోసుకునేదాకా ఒక్క తడి కూడా తప్పకూడదు. దాదాపు 50వ రోజు నుంచి 80వ రోజు దాకా అనుకోండి. కరెంటు ఎప్పుడిచ్చినా ఆ రోజుల్లో నీళ్లు ఈ కయ్యకే. టమోటాకి వేసిన డ్రిప్ ఉంటే పీకకండి. లాటరళ్ల, అంటే సాళ్ల వెంట పరిచే డ్రిప్ పైపుల, మధ్య నాలుగడుగులు ఉంటాయి కదా, ఒక్కో లాటరల్‌కి అటూ ఇటూ ఒక్కో సాలు, రెండు సాళ్ల మధ్య 40 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు పెట్టండి. ఎకరానికి 33 వేల మొక్కలు వస్తాయి. మామూలుగా 60 సెంటీమీటర్ల సాళ్లలో వేసినా లెక్క అంతే. ఎకరానికి 8 కిలోల విత్తనం చాలు. అక్టోబరు వానలకి నీళ్లు నిలిచే చోట బోదె చేసి, బోదె పక్కన విత్తండి.

విత్తనంలో డీహెచ్ఎం 117 లాంటి ప్రభుత్వ హైబ్రిడ్లున్నాయి, ప్రైవేటు కంపెనీలవీ చాలా ఉన్నాయి. ఏది కొన్నా బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరు పంట అమ్మేదాకా దాచండి. గింజ పట్టకపోతే అడగడానికి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. హైబ్రిడ్ పంట గింజని మళ్లీ విత్తనంగా వాడొద్దు.

ఎరువు విషయంలో మొక్కజొన్న తిండిపోతు. పెంటదిబ్బ ఎరువు మీ ఆవులదే ఉంది, ఎకరానికి నాలుగు టన్నులకి తగ్గకుండా తోలండి. దాంతో పాటు ఎకరానికి 80 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ కావాలి. బస్తాల్లో చెప్తే డీఏపీ ఒక బస్తా, పొటాష్ 33 కిలోలు, యూరియా 45 కిలోల బస్తాలు మూడున్నర. డీఏపీ, పొటాష్ దుక్కిలో. యూరియా మూడు సార్లుగా: విత్తినప్పుడు కొంచెం, మోకాలెత్తులో ఎక్కువ, జల్లు వచ్చే ముందు మిగతాది. ఒకేసారి గుమ్మరిస్తే ఎర్రనేలలో నీళ్లతో కిందికి దిగిపోతుంది. లేత ఆకుల మొదట్లో నడిమి ఈనెకి రెండు పక్కలా తెల్లటి పట్టీలు కనిపిస్తే అది జింక్ లోపం, తెగులు కాదు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి వారం గ్యాప్‌లో రెండు సార్లు కొట్టండి. విత్తే ముందు మట్టి పరీక్ష చేయించుకుంటే ఈ లెక్కలన్నీ మీ నేలకి తగ్గట్టు సరిచేసి చెప్తారు.

కలుపుకి విత్తిన 48 గంటల్లోపు అట్రజిన్ 50 శాతం పొడి, ఎర్రనేలకి ఎకరానికి 800 గ్రాములు, 200 లీటర్ల నీటిలో, నేల తడిగా ఉన్నప్పుడు కొట్టాలి. ఒక జాగ్రత్త. మనవాళ్లకి సాళ్ల మధ్య అనుములు, అలసందలు వేసే అలవాటుంది. మంచిదే, కానీ అట్రజిన్ కొట్టిన చోట అవి మొలవవు. అంతరపంట వేసేటట్టయితే అట్రజిన్ బదులు పెండిమిథాలిన్ వాడండి.

ఇప్పుడు కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మన దేశంలో మొదటిసారి కనిపించింది. అప్పటి నుంచి ప్రతి సీజన్‌లో ఉంటుంది. భయపడాల్సిన పురుగే గానీ పంటంతా పోతుందన్నది నిజం కాదు. ఆకులు చిల్లులు పడి చూడ్డానికి ఘోరంగా ఉన్నా మొవ్వు బతికుంటే మొక్క తేరుకుంటుంది. నష్టం జరిగేది మొదటి 40 రోజుల్లో గమనించకపోతే. విత్తనశుద్ధితోనే మొదలుపెట్టండి: సయాంట్రనిలిప్రోల్, థయోమిథాక్సామ్ కలిసిన మందు కిలో విత్తనానికి 4 మిల్లీలీటర్లు పట్టిస్తే మొదటి రెండు మూడు వారాలు కాపాడుతుంది. ఆ తర్వాత వారానికి రెండు సార్లు పొద్దున్నే చేలో తిరగండి. ఆకు మీద గుడ్ల కుప్ప కనిపిస్తే వేళ్లతో నలిపెయ్యండి. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటే అది కత్తెర పురుగే.

వందకి ఐదు నుంచి పది మొక్కల్లో కనబడినప్పుడే మందు. చిన్న పురుగులకి వేపనూనె 1500 పీపీఎం లీటరుకి 5 మిల్లీలీటర్లు. పెద్దవయ్యాయంటే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకి 0.4 గ్రాములు, లేదా క్లోరాంట్రనిలిప్రోల్ 0.4 మిల్లీలీటర్లు, మార్చి మార్చి. పైపైన ఆకుల మీద కొడితే డబ్బు దండగ. పురుగు ఉండేది మొవ్వు లోపల, నాజిల్ మొవ్వులోకి పెట్టి సాయంత్రం పూట కొట్టాలి. తవుడు, బెల్లం పులియబెట్టి థయోడికార్బ్ కలిపే విషపు ఎర కూడా బాగా పనిచేస్తుంది, కానీ మీ ఇంట్లో ఆవులున్నాయి. బెల్లం వాసనకి పశువు మూతి పెట్టిందంటే ప్రాణాల మీదికొస్తుంది. మేతకి వేసిన అర ఎకరంలో ఆ ఎర వాడొద్దు, అక్కడ వేపనూనె, పురుగుని చంపే సూక్ష్మజీవుల మందులైన బీటీ, మెటారైజియంతోనే నెట్టుకురండి.

పురుగుకంటే మీ పక్క నాకు ఎక్కువ భయం అడవి జంతువులతో. మీ చేను అడవికి ఎంత దూరమో మీరు రాయలేదు. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పలమనేరు, వి.కోట, రామకుప్పం, కుప్పం పల్లెల్లో కంకి పాలు పోసుకునే సమయానికి ఏనుగులు దిగుతాయి. అడవి ఏనుగుల్ని తరమడానికి కర్ణాటక నుంచి 2025లో కుంకీలని, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని తెచ్చారు గానీ, దాన్ని నమ్ముకుని అడవి గెనిమ పక్కన మొక్కజొన్న వేయమని నేను చెప్పలేను. అడవి పందులు ఇంకా దూరం వస్తాయి. అంచున ఉన్న చేనైతే గింజ పంట మానుకుని మేతే వేయండి, కొంచెం ముందుగా కోసెయ్యొచ్చు. కంచెకి కరెంటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అది నేరం. పైగా రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులే దానికి బలవుతున్నారు.

అమ్మకం గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే పండించడంలో జాగ్రత్తపడ్డ రైతు కూడా ఇక్కడే నష్టపోతున్నాడు.

మొక్కజొన్న గింజకి పెద్ద గిరాకీ కోళ్ల దాణాది. గుడ్ల కోడి దాణాలో సగం దాకా మొక్కజొన్నే. చిత్తూరు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు, దాణా మిల్లులు, సరిహద్దు దాటితే తమిళనాడులో నామక్కల్, అటు కోలారు వైపు ఫారాలు. ఈమధ్య ఇథనాల్‌కి కూడా మొక్కజొన్న వాడుతుండటంతో గిరాకీ పెరిగింది. కేంద్రం 2025-26కి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,400 రూపాయలు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండి, ఆ ధర పూర్తిగా వచ్చినా 60 వేలు. ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. వరిలాగా ఏటా కొనుగోలు కేంద్రం తెరుస్తారన్న నమ్మకం మొక్కజొన్నకి లేదు. తెరిచిన ఏడు అమ్మండి, తెరవకపోతే చేతిలో ఇంకో దారి ఉండాలి.

ఊళ్లోకి వచ్చి కొనే వ్యాపారి తేమ పేరు చెప్పి తూకంలో కోస్తాడు. ఆ లెక్క మీకు రావాలి. ప్రమాణంగా తీసుకునే తేమ 14 శాతం. 20 శాతం తేమ ఉన్న వంద కిలోల గింజని 14 శాతానికి ఆరబెడితే 93 కిలోలు మిగులుతుంది. అంటే పచ్చి సరుకుకి క్వింటాలుకి 2,000 ఇస్తానన్నాడనుకోండి, ఎండబెట్టిన దానికి 2,150 వస్తేనే మీకు సమానం. అంతకంటే ఎక్కువ ఇస్తే ఆరబెట్టండి. ఆ తేడా రాకపోతే, పైగా ఆకాశం మబ్బు పట్టి ఉంటే, అప్పుడే అమ్మెయ్యండి. అలాగే 20 శాతం తేమకి క్వింటాలుకి ఏడు కిలోల తరుగు తీస్తే న్యాయం, పది కిలోలు తీస్తే మీ సరుకు మూడు కిలోలు ఊరికే పోయినట్టు. ఈ లెక్క కాటా దగ్గరే నోటితో చెప్పండి. లెక్క తెలిసిన రైతుతో వ్యాపారి మాట తీరే మారిపోతుంది.

తేమ యంత్రం లేకపోయినా ఒక పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, బాగా ఎండిన ఉప్పు ఒకటి రెండు చెంచాలు వేసి మూత పెట్టి బాగా కుదిపి, పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 శాతం మించి ఉన్నట్టు. కంకి కోతకొచ్చిందో లేదో చూడాలంటే గింజని ఒలిచి మొన దగ్గర గీకండి, నల్లటి పొర కనిపిస్తే పక్వమైనట్టే. అప్పుడు కూడా గింజలో పాతిక శాతం పైన తేమ ఉంటుంది కాబట్టి కంకుల్ని ఆరనిచ్చాకే గింజ ఒలిచే షెల్లర్‌కి వేయండి. పచ్చిగా వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజకి రేటు ఉండదు. కంకిని కటిక నేల మీద పోయకండి, టార్పాలిన్ పరవండి. మట్టి తగిలి, తేమ ఉన్న గింజకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది పట్టిన సరుకుని దాణా మిల్లు వెనక్కి పంపుతుంది. అమ్ముడుపోలేదు కదా అని ఆవులకి పెట్టారంటే అదే విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది పిల్లలు. బూజు గింజని పారేయడం తప్ప ఇంకో దారి లేదు.

ఒక్కడే పాతిక బస్తాలతో పోతే దాణా మిల్లు గేటు దగ్గర మాట్లాడేవాళ్లుండరు. పది టన్నుల లారీ నింపగలిగితే మాట్లాడతారు. మీ ఊళ్లో నలుగురైదుగురు ఒకే వారంలో విత్తి, ఒకే రకం వేసి, ఒకేసారి షెల్లర్ పిలిపించుకోండి. షెల్లర్ కూలీ కూడా తగ్గుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం మీ మండలంలో ఉంటే వాళ్ల ద్వారా పోవడం ఇంకా మంచిది. విత్తే ముందే మిల్లుకి వెళ్లి తేమ ఎంత దాకా తీసుకుంటారు, డబ్బు ఎన్ని రోజులకిస్తారు అని అడిగి రండి. అప్పు మీద విత్తనం, ఎరువు ఇచ్చి పంట తనకే అమ్మాలనే వ్యాపారి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. రేటు చెప్పే హక్కు ఆ రోజే చేజారిపోతుంది.

మూడో దారి పచ్చి కంకులు. తిరుపతికి ఏడాది పొడుగునా యాత్రికులు వస్తూనే ఉంటారు, ఉడికించిన కంకి, కాల్చిన కంకి అక్కడ ఎప్పుడూ అమ్ముడుపోయేవే. స్వీట్‌కార్న్‌కి చెన్నై, బెంగళూరు గిరాకీ ఉంది. కానీ ఇది ఆగని సరుకు. పీచు వచ్చిన ఇరవై రోజుల చుట్టూ కోయాలి, తెల్లవారుజామున కోసి అదే రోజు పంపాలి, ఎండలో పెడితే తీపి పోయి పిండి అయిపోతుంది. అందుకే ఎకరం ఒకేసారి వేయొద్దు. పావు ఎకరం చొప్పున పది రోజుల గ్యాప్‌తో వేస్తే బండి వాళ్లకి వరసగా ఇవ్వొచ్చు. స్వీట్‌కార్న్ పక్కన మామూలు మొక్కజొన్న ఒకే సమయంలో పూతకి రాకూడదు. ఆ పుప్పొడి ఈ పీచు మీద పడితే ఈ కంకిలోనే గింజ గట్టిపడి తీపి తగ్గుతుంది. కనీసం మూడు వారాలు ముందు వెనక విత్తండి. కంకులు కోశాక మిగిలిన పచ్చి మొక్క మొత్తం ఆవులకే. ఈ లాభాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు.

మీ రెండెకరాలకి నేను చెప్పేది ఇది. ఈ జూన్‌లో అర ఎకరం సైలేజీకి, పావు ఎకరం పచ్చి కంకులకి. మిగతాది వాన చూసుకుని చెనిక్కాయో అనుములో. నవంబరులో బోరు ఎలా ఉందో చూసి, అప్పుడు ఎకరం గింజకి. టమోటా పూర్తిగా మానెయ్యమని అనను. టమోటా తర్వాత మొక్కజొన్న వేస్తే నేలలో టమోటా తెగుళ్లు కూడా తగ్గుముఖం పడతాయి.

ఇంకొకటి, విత్తాక రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు మర్చిపోకండి. కొనుగోలు కేంద్రం తెరిచినా, పంట నష్టానికి పరిహారం ప్రకటించినా మొదట చూసేది ఆ నమోదునే. మీ సర్వే నంబరు, మీరు వేసిన విస్తీర్ణం, పంట పేరు అందులో సరిగా ఎక్కాయో లేదో దగ్గరుండి చూసుకుని రసీదు తీసుకోండి. చేను అడవికి ఎంత దూరమో, డ్రిప్ ఉందో లేదో రాస్తే ఏ కయ్యలో ఏది వేయాలో చెప్తాను.